తుండుగుడ్డ కింద డాన్సు

ఆ రోజు పొద్దున జగన్మోహనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పడమటి వైపు బంగినపల్లి చెట్ల కాయ కోయించాలి, పెట్టెలు కట్టించి మధ్యాహ్నానికి లారీ ఎక్కించాలి, సాయంత్రం నూజివీడు వెళ్ళి పెళ్ళి సూటుకి కొలతలివ్వాలి. పెళ్ళి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఎనభై మూడో సంవత్సరం ఎండలు ఊరందరినీ మాడుస్తున్నా అతనికి మాత్రం లోకం చల్లగానే ఉంది. కాఫీ తాగి చెప్పులు తొడుక్కుంటుండగా పోస్టుమాను వచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు.

ఉత్తరం విశాఖపట్నం నుంచి. రాసినవాడు లక్ష్మీనరసింహారావు, నేవీలో లెఫ్టినెంటు, పెళ్ళికూతురు కాత్యాయనికి సొంత మేనమామ కొడుకు. అంటే బావ. అంటే, జాతకాలు కుదిరి ఉంటే ఈపాటికి ఆమెకి మొగుడు. ఈ సంగతి పెళ్ళిచూపుల నాడే ఎవరో పుణ్యాత్ములు జగన్మోహనరావు చెవిన వేశారు. అప్పటినుంచి ఆ పేరు వింటే చాలు, అతనికి కడుపులో మంట. పేరు పొడుగ్గా ఉండటం వల్ల మంట కూడా కాస్త ఎక్కువసేపే ఉండేది.

"ప్రియమైన బ్రదర్," అని మొదలైంది ఉత్తరం. "పెళ్ళయిన నాలుగో రోజు సాయంత్రం మా క్లబ్బులో మీ ఇద్దరికీ పార్టీ ఇస్తున్నాను. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మొదటి డాన్సు కొత్త దంపతులే చెయ్యాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు లేస్తారు. తోటల్లో ఉండేవారు, మీకు ఇవి అలవాటుండకపోవచ్చు. కంగారు పడకండి. పెళ్ళికొడుక్కి చేతకాకపోతే దగ్గర బంధువు ఆ లోటు తీర్చవచ్చు. కాత్యా ఒంటరిగా నిలబడకుండా చూసే పూచీ నాది."

జగన్మోహనరావు ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. డాన్సు సంగతి కన్నా 'కాత్యా' అన్న ముక్క దగ్గర అతని ఒళ్ళు ఎక్కువ మండింది. తాను ఇంతవరకూ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలవనే లేదు, పిలవడానికి ధైర్యం చాలక. ఆ పెద్దమనిషి పేరుని సగానికి కోసి వాడుకుంటున్నాడు. పార్టీ ఎగ్గొడదామంటే పిల్లనిచ్చినవాళ్ళ బంధువులు, బాగుండదు. వెళ్ళి చేతకాక నిలబడితే, తన పెళ్ళాం మొదటి డాన్సు తన కళ్ళెదుటే ఇంకొకడి చేతిలో జరుగుతుంది. ఆ ఫోటో తీసి గోడకి తగిలిస్తారు కూడా. అది మాత్రం తాను ప్రాణం పోయినా జరగనివ్వకూడదు.

తల్లి నాగేశ్వరమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా కదిపాడు. "అమ్మా, ఒకసారి చలపతిరావుగారింటికెళ్ళి వాళ్ళమ్మాయితో మాట్లాడాలే."

"తాంబూలాలు పుచ్చుకున్నాక అడ్డుతెర తీసేదాకా మొహాలు చూసుకోకూడదు. మనింటి పద్ధతి. మీ నాన్న చూళ్ళేదు, నువ్వూ చూడవు."

"అది కాదమ్మా, మేమిద్దరం కలిసి ఒక పని నేర్చుకోవాలి."

"పెళ్ళయ్యాక నేర్చుకోండి, ఎవరొద్దన్నారు?" అని నాగేశ్వరమ్మ ఊరగాయ ముక్కలు కోసుకోవడంలో పడిపోయింది.

తోటలో మామిడి పెట్టెలు కొట్టే సలోమోను వయసులో ఉండగా బెజవాడలో రైల్వేవాళ్ళ క్లబ్బులో పనిచేశాడని జగన్మోహనరావు ఎప్పుడో విన్నాడు. కాయ కోత సంగతి మర్చిపోయి నేరుగా షెడ్డుకి వెళ్ళాడు. "సలోమోనూ, నీకు డాన్సు వచ్చా?"

సలోమోను నోట్లో పట్టుకున్న మేకులు తీసి చేతిలో వేసుకున్నాడు. "ఇరవయ్యేళ్ళు ఆ దొరసానులందరికీ నేర్పింది నేనేనండి. మా లేయా కూడా నా దగ్గరే నేర్చుకుందండి. ఏంటండీ, మీక్కూడా కావాలా?"

"నాక్కూడా అంటే?"

"నిన్న చలపతిరావుగారు మా ఇంటికొచ్చారండి, అమ్మాయిగారికి నేర్పమని. ఆడపిల్ల కదాని మా ఆవిడకి అప్పజెప్పాను. మా ఇంట్లోనే, రోజూ నాలుగింటికి."

జగన్మోహనరావుకి సంతోషమూ అసూయా ఒకేసారి కలిగాయి. ఆమె తనకన్నా ఒక రోజు ముందుంది. "అయితే నాకూ నాలుగింటికే, ఇక్కడే. మూడో కంటికి తెలియకూడదు మాస్టారూ," అన్నాడు. సలోమోనూ అని పిలిచిన నోటితోనే అంత తొందరగా మాస్టారూ అన్నందుకు ఇద్దరూ కాసేపు సిగ్గుపడ్డారు.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. సలోమోను ఈల వేస్తూ ముందుకు వచ్చేవాడు, జగన్మోహనరావు వెనక్కి వెళ్ళి పెట్టెల మీద పడేవాడు. రెండో రోజు సగం పెట్టెలు బయట పెట్టించారు. ఒకరి చేతులకి మేకుల తుప్పు, ఇంకొకరి చేతులకి మామిడి సొన. పట్టు జారిపోతోందని సలోమోను కలిపిన చేతుల మీద తుండుగుడ్డ చుట్టాడు. తాళం తప్పకుండా ఆ గుడ్డ కింద వేళ్ళు నొక్కుతూ ఒకటి, రెండు, మూడు అని గొణిగేవాడు.

"ఎంతసేపూ వెనక్కేనా మాస్టారూ?"

"నేను ముందుకొస్తే మీరు వెనక్కేగా అండీ వెళ్ళాలి. ఇద్దరం ముందుకొస్తే గుద్దుకుంటామండి."

దీనికి తిరుగు లేదు. జగన్మోహనరావు వెనక్కే వెళ్ళాడు. కానీ పాఠం కన్నా పాఠం తర్వాత వచ్చే వార్తలు అతన్ని ఎక్కువ అలిసిపోయేలా చేసేవి. అమ్మాయిగారికి నాలుగు రోజుల్లోనే పట్టుబడిందంట. అమ్మాయిగారు లేయానే గిర్రున తిప్పేస్తున్నారంట. ఆమెకి అంత తొందరగా ఎందుకు రావాలి, ఎవరి కోసం అంత శ్రద్ధ అని అతను కంచం ముందు కూర్చుని ఆలోచించేవాడు. తన కోసమే అయివుండవచ్చని అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆరో రోజు సలోమోను మామూలుగా చెప్పాడు. "నిన్న లెఫ్టినెంటుగారు కూడా మా ఇంటికొచ్చారంటండి. సెలవు మీద వచ్చి చలపతిరావుగారింట్లోనే దిగారు."

జగన్మోహనరావు తుండుగుడ్డ విదిలించుకున్నాడు. "వచ్చి ఏం చేశాడు? చెయ్యి పట్టుకున్నాడా?"

"నేనిక్కడున్నాను కదండీ, నాకేం తెలుస్తది? లేయానడిగి చెప్తాను."

మర్నాడు నాలుగింటి దాకా జగన్మోహనరావు ఎలా బతికాడో అతనికే తెలియదు. సలోమోను వచ్చి జవాబు అప్పజెప్పాడు. "చెయ్యి పట్టుకున్నారా అనడిగానండి. చెయ్యి పట్టుకోకుండా డాన్సెట్టా వస్తదయ్యా, తెలివుండే అడుగుతున్నావా అని నన్ను తిట్టిందండి."

ఎవరి చెయ్యి, ఎవరు పట్టుకున్నారు అని అడిగే ఓపిక జగన్మోహనరావుకి లేకపోయింది. ఆ రోజు నుంచి పాఠాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అయ్యాయి. పడమటి వైపు కాయ చెట్టునే పండి రాలుతోంది. ఉడతలు సుఖపడ్డాయి.

మామిడి దళారి యలమంద కాయ చూసుకుందామని ఒకనాడు పొద్దున తోటలోకి వచ్చాడు. షెడ్డు తడిక సందులోంచి అతనికి కనిపించింది ఇది: జగన్మోహనరావు, సలోమోను ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, చేతులు కలిసి ఉన్నాయి, చేతుల మీద తుండుగుడ్డ ఉంది, గుడ్డ కింద వేళ్ళు కదులుతున్నాయి. ఆ ప్రాంతంలో దీనికి ఒకటే అర్థం. పెద్ద బేరాల్లో ధర నోటితో చెప్పరు, పక్కవాడు వినకుండా గుడ్డ కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. యలమంద ఆ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి నూజివీడు టీకొట్టుకి చేరుకున్నాడు.

"సలోమోను ఏంటి, తోట కాపు కొనడమేంటి?" అన్నారు అక్కడివాళ్ళు.

"వాడి వెనక బొంబాయి పార్టీ ఎవరో ఉన్నారు. అరగంట సేపు చూశాను, బేరం తెగలేదు. కాపు ఒక్కదానికీ అంతసేపు పట్టదు," అన్నాడు యలమంద.

మధ్యాహ్నానికి ఇద్దరు వ్యాపారులు తోటకి వచ్చారు. "మాకు చెప్పకుండా బయటివాళ్ళకి ఇచ్చేస్తారా?" అని నిలదీశారు. జగన్మోహనరావు కంగారుపడి బేరమేమీ లేదని మూడుసార్లు ఒట్టేశాడు. "మరి తుండుగుడ్డ కింద ఏం చేస్తున్నారు?" అంటే, "అది సొంత విషయం," అన్నాడు. దాంతో వాళ్ళకి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. సాయంత్రానికి అమ్ముడవుతున్నది కాపు కాదు, తోట అయింది. మర్నాటికి జగన్మోహనరావు తోట అమ్మేసి బొంబాయి వెళ్ళిపోతున్నాడని, పెళ్ళి జరిగేది అనుమానమేనని ఊరందరికీ తెలుసు. తెలియనిది అతనొక్కడికే.

తాలూకా ఆఫీసులో పనిచేసే చలపతిరావుకి ఈ కబురు కుర్చీ దగ్గరికే వచ్చి చేరింది. ఆయన ఉన్నపళంగా లేచి, మేనల్లుడు లెఫ్టినెంటుని స్కూటరు వెనక ఎక్కించుకుని తోటకి వచ్చాడు. షెడ్డు తలుపు తోశారు. లోపల కాబోయే అల్లుడు కళ్ళు మూసుకుని, మెడ కాస్త పక్కకి వాల్చి, సలోమోను ఎత్తి పట్టిన చేతి కింద నుంచి గుండ్రంగా తిరుగుతున్నాడు.

"బాబూ, తోట అమ్ముతున్నారని విన్నాను," అన్నాడు చలపతిరావు.

జగన్మోహనరావు కళ్ళు తెరిచాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు గనక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చలపతిరావు ఒక పెట్టె మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. "అంటే తోట ఉన్నట్టేనా?"

"ఉందండి."

"అయితే తిరగండి బాబూ, తిరగండి. మాదేం పోయింది."

లెఫ్టినెంటు మాత్రం జగన్మోహనరావు పాదాల వంక చాలాసేపు చూశాడు. తర్వాత ముసిముసిగా నవ్వి, "చాలా బాగుంది బ్రదర్. ఒక్క అడుగు కూడా మార్చకండి," అన్నాడు. మెచ్చుకోలు వింటే సంతోషం కలగాలి. జగన్మోహనరావుకి కలగలేదు. ఆ నవ్వు అతనికి పెళ్ళి రోజు దాకా నిద్ర పట్టనివ్వలేదు.

పెళ్ళి బాగానే జరిగింది. అడ్డుతెర తీశాక పెళ్ళికొడుకు ముందు పెళ్ళికూతుర్ని చూశాడు, వెంటనే బావగారు ఎక్కడ నిలబడ్డాడో చూశాడు.

నాలుగో రోజు సాయంత్రం విశాఖపట్నం క్లబ్బులో అందరూ గోడల పక్కకి సర్దుకుని మధ్యలో చోటు వదిలారు. బాజా మొదలైంది. తెల్ల యూనిఫారంలో లెఫ్టినెంటు ముందు వరుసలోనే నిలబడ్డాడు. చేతిలో గ్లాసు అప్పుడే పక్కవాళ్ళకిచ్చేశాడు, పిలుపు రావడమే తరువాయి అన్నట్టు.

జగన్మోహనరావు నేర్చుకున్న ప్రకారం చెయ్యి ఎత్తి కాత్యాయని భుజం మీద వేశాడు. కాత్యాయని నేర్చుకున్న ప్రకారం అతని నడుం పట్టుకుంది. ఇద్దరూ ఆగిపోయారు. ఆడవాళ్ళు చెయ్యి వెయ్యాల్సిన చోట అతని చెయ్యి, మగవాళ్ళు వెయ్యాల్సిన చోట ఆమె చెయ్యి ఉన్నాయి.

"నాకు వెనక్కి వెళ్ళడమే వచ్చు," అన్నాడు జగన్మోహనరావు. "సలోమోను మగవాళ్ళ అడుగులు వేసేవాడు, నేను రెండోవి వేసేవాణ్ణి."

"లేయాగారికి ఆడవాళ్ళ అడుగులే వచ్చండి. అందుకని నేను రెండోవి వేసేదాన్ని." ఆమె ఓరగా బావ వైపు చూసింది. ఆయన అప్పటికే ఒక కాలు ముందుకు పెట్టాడు. ఆమె మొగుడి నడుం గట్టిగా పట్టుకుంది. "మరింకేం, సరిపోయింది కదండీ. పదండి."

ఆమె ముందుకు అడుగు వేసింది, అతను వెనక్కి వేశాడు. రెండు చుట్లు తిరిగేసరికి తాళం కలిసింది. మూడో చుట్టులో ఆమె అతన్ని చేతి కింద నుంచి తిప్పింది, జనం చప్పట్లు కొట్టారు. జగన్మోహనరావు ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఆ రోజు మీ బావ నీ చెయ్యి పట్టుకున్నాడా?"

"నేర్పుతానని వచ్చాడండి. పెళ్ళికొడుకు తప్ప ఇంకెవరూ గుమ్మం దాటకూడదని లేయాగారు బయటే నిలబెట్టారు. చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఎందుకూ?"

"ఊరికే," అన్నాడు జగన్మోహనరావు. ఇన్నాళ్ళ మంట ఆ ఒక్క మాటతో చల్లారింది. అంత ఆనందంగా అతను ఇదివరకెప్పుడూ వెనక్కి నడవలేదు.

రెండో పాటకి లెఫ్టినెంటు వచ్చి మర్యాదగా వంగాడు. కాదనడం బాగుండదు. కాత్యాయని ఆయన నడుం పట్టుకుని ముందుకు అడుగు వేసింది, ఆయనా ముందుకే వేశాడు. ఆమె చెప్పు మడమ ఆయన మెరిసే బూటు మీద పడింది. ఇంకో రెండు ప్రయత్నాల తర్వాత ఆయన కుంటుకుంటూ గోడ దగ్గరికి చేరాడు. జగన్మోహనరావు చాలా విచారం వెలిబుచ్చాడు, నవ్వు ఆపుకుంటూ.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. క్లబ్బులో ఆఫీసర్లందరూ గ్లాసులు పట్టుకుని కబుర్లలో పడ్డారు, వాళ్ళ భార్యలు డాన్సు చేసేవాళ్ళు లేక కూర్చున్నారు. వాళ్ళల్లో ఒకావిడ లేచి, "అమ్మాయ్, నన్నొకసారి తిప్పుతావా?" అంది. కాత్యాయని తిప్పింది. తర్వాత ఇంకొకావిడ లేచింది. అటు పిమ్మట వరసలో ఎనిమిది మంది నిలబడ్డారు. అరగంట గడిచినా పెళ్ళికొడుక్కి పెళ్ళికూతురి మొహం కనబడలేదు. కడుపులో మంట మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరి మీదని ప్రత్యేకంగా చెప్పలేడు.

గోడ పక్కన నిమ్మరసం గ్లాసులతో ఇద్దరే మిగిలారు. లెఫ్టినెంటు గొంతు సవరించుకున్నాడు. "బ్రదర్, మీకు వెనకడుగులే కదా వచ్చు?"

"అవును."

"నాకు ముందడుగులే వచ్చు."

జగన్మోహనరావు భార్య వైపు చూశాడు. ఆమె ఆరో ఆవిణ్ణి తిప్పుతోంది, ఇటు తిరిగే ఉద్దేశంలో లేదు. అతను గ్లాసు కిందపెట్టి చెయ్యి అందించాడు.

కొత్త దంపతులలో ఒకరితో డాన్సు చెయ్యాలన్న లక్ష్మీనరసింహారావు కోరిక ఆ సాయంత్రం ఆ విధంగా నెరవేరింది.