మల్లేశం ఇంటి గ్యాలరీ

పొగమంచు విడిచేలోగా భవాని పేట్ వెళ్లి పాత ఇళ్ల ఫోటోలు తీసుకోవాలి, తిరిగొచ్చి టిఫిన్ తిని షోరూముకు వెళ్లాలి. ఆ శనివారం పొద్దున రాకేశ్ అనుకున్నది ఇంతే. అంతకుమించి తన మనసులో ఏమీ లేదని తర్వాత అతను చాలామందికి చెప్పాడు గానీ, ఎవరూ నమ్మలేదు.

సోలాపూర్‌లో దుప్పట్ల లాంటి చద్దర్లూ, టవళ్లూ అమ్మే ఒక షోరూములో ఫోటోలు తీయడం రాకేశ్ ఉద్యోగం. మడతపెట్టిన టవళ్లనే ఏళ్ల తరబడి చూసి విసిగిపోయి, ఈసారి కొత్త సంవత్సరం క్యాలెండరులో టవళ్లకు బదులు పాత ఊరి వీధులు వేద్దామని యజమానిని ఎలాగో ఒప్పించాడు. మొదటి పేజీకి ఏది పెట్టాలో అప్పుడే నిశ్చయించుకున్నాడు కూడా. అది మగ్గాలు నడిపే మల్లేశం ఇంటి గ్యాలరీ.

తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్‌లో, ఒక సన్నని గల్లీ మీదికి మేడ నుంచి పొడుచుకొచ్చిన టేకు బాల్కనీ అది. కటకటాలకు చిలకలూ, దూలాల చివర మామిడి పిందెలూ చెక్కి ఉంటాయి. రాకేశ్ తల్లి సీతాబాయి ఒకప్పుడు తోటి ఆడవాళ్లతో దాని కిందే కూర్చుని బీడీలు చుట్టేది. పసివాడైన రాకేశ్ ఉయ్యాలను ఆ దూలానికే కట్టేది. వాడికి నడక రాకముందే కుటుంబం హోట్గి రోడ్ వైపు మారిపోయింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆమె మేడమెట్లు దిగడం లేదు. "దాన్ని ఇంకోపాలి సూడాలని ఉన్నది రా. ఫోటోలనన్న సూపెట్టు" అని కొడుకును అడిగింది.

మంచు బాగానే పడింది. గోడల వెనక మగ్గాలు టకటకమంటున్నాయి. స్నానానికి నీళ్లు కాగబెట్టే బంబుల పొగ మంచులో కలిసి గల్లీ అంతా పాలు ఒలికినట్టుంది. రాకేశ్ మూడు కాళ్ల స్టాండు నడివీధిలో నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని ఇళ్లను చూశాడు. ఎక్కడ నిలబడితే రెండు వైపులా సరిగ్గా వస్తాయోనని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడుగులు వేసుకున్నాడు. ఆ గల్లీవాళ్లు ఇలాంటి స్టాండును ఇంతకుముందు ఒక్కసారే చూశారు. పక్క వీధిని వెడల్పు చేసే ముందు కొలవడానికి వచ్చినవాళ్లు తెచ్చిందది.

ఒక ఇంటి అరుగు మీద గంగమ్మ అనే ముసలామె ఒడిలో తంబాకు చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమే, పక్కనున్న నీలం ప్లాస్టిక్ టబ్బూ ఫోటోను పాడుచేస్తున్నట్టు రాకేశ్‌కు అనిపించింది.

"జర లేస్తవా అవ్వా. నువ్వు అడ్డం ఉంటే ఇల్లు సక్కగ కనబడతలేదు."

"ఇండ్లకు ఫోటోలెందుకు బిడ్డా?"

"ఇసొంటి ఇండ్లు మల్ల కనబడయి గద అవ్వా. అందుకే తీస్తున్న."

ఆ మాట అతను నిజమైన బాధతోనే అన్నాడు. ఇష్టంలేని పని చేయాల్సివచ్చిన సర్కారు మనిషి బాధలా గంగమ్మకు వినిపించింది. ఆమె చాటా టబ్బూ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి మఫ్లర్ చుట్టుకుని కిష్టయ్య వచ్చాడు. నాలుగు మాటలు తెలిసిన పెద్దమనిషని గల్లీలో ఆయనకు పేరు. ఫోటోలు ఎవరికి వెళ్తాయని వినయంగా అడిగాడు. రాకేశ్ కెమెరాలోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "మా సాహెబ్‌కు పంపిస్త. ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె, ఆయననే చెప్తడు."

కిష్టయ్య వెంటనే చాయ్ తెప్పించాడు. చలిగా ఉండటంతో రాకేశ్ కాదనకుండా తాగాడు. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లకు దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. మామూలు మనిషికి కిష్టయ్య చాయ్ పోయించడం వాళ్లెవరూ ఎరగరు.

గ్యాలరీ దగ్గరికి చేరేసరికి ఎండ పొడిచింది. కటకటాల మీద ఉతికిన చద్దర్లు ఆరేసి ఉన్నాయి. చద్దర్లను ఫోటో తీయడానికైతే అతను ఇంత దూరం రానక్కర్లేదు. అందుకని ఒక్క ఫోటో కూడా తీయకుండా దాన్ని మర్నాటికి అట్టిపెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్న మల్లేశం భార్య శాంతతో, "అక్కా, రేపు పొద్దటికల్ల గ్యాలరీ ఖాలీ చేయిండ్రి. మంచు ఉన్నప్పుడే పని అయిపోవాలె" అని చెప్పి వెళ్లిపోయాడు.

మల్లేశం బజారు నుంచి నూలు తెచ్చుకునేసరికి ఇంటి ముందు గల్లీ అంతా చేరింది. నగరసేవకుడికి, అంటే ఆ వార్డు కార్పొరేటరుకు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఒక రుజువే అయింది. కిష్టయ్య గొంతు సవరించుకుని, ఇది రస్తా రుందీకరణ్ అని, కార్పొరేషన్‌వాళ్లు రోడ్డును పెద్దది చేయబోతున్నారని తేల్చాడు.

"వాళ్ల మిషన్ వచ్చిందంటే గ్యాలరీతోటి గోడ గూడ పోతది మల్లేశం. ముందుకొచ్చినదాన్ని మనమే తీసేస్తే, ఇంటికి చెయ్యి పెట్టరు."

ఆ గోడ వెనకే మల్లేశం మగ్గాలున్నాయి. గోడ పోతే కూడు పోయినట్టే. తాత కట్టించిన గ్యాలరీలో అతను కాసేపు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి వడ్రంగులకు కబురు పంపాడు. సాయంత్రానికి చిలకలూ పిందెలూ టెంపో ఎక్కి, పాత కట్టె కొనేవాడితో పూణె దారి పట్టాయి. మల్లేశాన్ని చూసి మిగతావాళ్లు అరుగులూ మెట్లూ పగలగొట్టుకున్నారు.

మర్నాడు మంచు ఇంకా అందంగా పడింది. రాకేశ్ గల్లీ ఆ చివరి దాకా నడిచి, దారి తప్పానేమోనని పక్క గల్లీలో వెతికి, మళ్లీ వెనక్కి వచ్చాడు. దూలాలుండిన చోట గోడలో రంధ్రాలు కనిపించాయి. శాంత బయటికి వచ్చి, "ఖాలీ చేసినం సాహెబ్" అంది. రాకేశ్ భుజం మీది స్టాండు దించి చుట్టూ చూశాడు. కూర్చుందామంటే గల్లీలో ఒక్క అరుగూ మిగల్లేదు.

అక్కడే నిలబడి అందరికీ నిజం చెప్పేశాడు. తాను కార్పొరేషన్ మనిషి కాదని, ఇదంతా క్యాలెండరు కోసమని, తాను ఈ గల్లీలోనే పుట్టానని, సీతాబాయి కొడుకునని చెప్పాడు. గంగమ్మ అతని గడ్డం పట్టుకుని దగ్గరగా చూసింది.

"సీతాబాయి కొడుకువా? మేమిద్దరం ఒక్క చాటల తంబాకు పోసుకున్నోల్లం బిడ్డా." తర్వాత అందరివైపూ తిరిగింది. "మనోడు గాబట్టే ముందుగాల ఇషారా ఇచ్చిండు. నౌకరి పోతదని పైకి చెప్తలేడు."

ఈ వివరణ అందరికీ నచ్చింది. రాకేశ్ ఎంత కాదంటే అంత గట్టిపడింది. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం కిష్టయ్య అతని భుజాన కొత్త టవలు కప్పి, తలకు టోపీ పెట్టి సత్కారం చేశాడు. మల్లేశం ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. రాకేశ్ ముఖంకేసి చాలాసేపు చూశాడు. "మంచి కట్టె ఉండె" అని మాత్రం అన్నాడు. అతను తన మాట నమ్మాడని రాకేశ్‌కు అర్థమైంది. మిగతావాళ్లలాగే అతను కూడా నమ్మకపోతే బాగుండేదనిపించింది.

బోడి గోడ ముందు అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీయక తప్పలేదు. ఇంటికి వచ్చాక సీతాబాయి అద్దాలు పెట్టుకుని చూసి, గ్యాలరీ ఏదిరా అని అడిగింది. మంచులో కనబడలేదన్నాడు.

"మంచెక్కడిది రా? గంగమ్మ నోట్ల పండ్లు గూడ కనబడుతున్నయి."

అప్పుడు మొత్తం చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే కొంచెం తేలికయ్యేది. కెమెరా ఇమ్మని చేయి చాపి, ఆ ఫోటోను వేలితో తడుముతూ కూర్చుంది. క్యాలెండరు మొదటి పేజీలో ఆ ఏడు కూడా టవలే వచ్చింది.

వారం తిరగకుండానే జోడ్‌భావి పేట్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు అడ్రసు వెతుక్కుంటూ హోట్గి రోడ్‌కు వచ్చారు. మిఠాయి డబ్బా టీపాయ్ మీద పెట్టి, తమ గల్లీకి కెమెరా ఎప్పుడు తెస్తున్నారని గుట్టుగా అడిగారు. ముందుగా చెబితే తామే కూలగొట్టుకుంటామని, ఆయనకు శ్రమ ఉండదని అన్నారు. వాళ్లకు నచ్చజెప్పి పంపేసరికి మధ్యాహ్నమైంది. ఏ మేరకు నచ్చిందో తెలియదు, మిఠాయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ చలికాలం మిగిలిన పొద్దులన్నీ రాకేశ్ ఊరి బయట హిప్పర్గా చెరువు దగ్గర పక్షుల ఫోటోలు తీస్తూ గడిపాడు. కెమెరాను చూసి అవీ ఎగిరిపోయేవి గానీ, మర్నాడు మళ్లీ వచ్చి వాలేవి.