చాయ్ పెట్టని పొద్దు

ఆ రోజు లింగమ్మ చేయాల్సిన పని చాలా సులువైనది. భర్త రామచంద్రయ్యను పరగడుపున నాచారంలోని స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. రాత్రే తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పైనాపిల్ రసాన్ని వెంట పట్టుకెళ్లాలి. కొన్నాళ్లుగా ఆయన కళ్లు పచ్చబడుతున్నాయి. కడుపు స్కానింగులో, పైత్యరసం దిగే నాళం ఉబ్బిందని తెలిసింది గాని, కింది చివర ఏం అడ్డుపడిందో గ్యాస్ వల్ల కనిపించలేదు. అది తేల్చడానికి డాక్టరు ఎం.ఆర్.సి.పి. అనే ఇంకో స్కానింగు రాశాడు. ముందుగా పైనాపిల్ రసం తాగితే పేగుల్లోని నీళ్లు ఫొటోలో మెరవవట, నాళం స్పష్టంగా పడుతుందట. ఈ పూట తప్పితే మిషను మళ్లీ వచ్చే వారమే ఖాళీ. అన్నాళ్లు ఆగడం మంచిది కాదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

ఆకలితో ఉన్న మనిషికి వంటింటి వాసన తగలకూడదని లింగమ్మ పొయ్యి ముట్టించలేదు. పక్క పోర్షన్ రాణి పలకరించడానికి వచ్చి కూర్చుంది. చాయ్ రాలేదు. ఉప్పల్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి లింగమ్మ ఇంట్లో చాయ్ తాగకుండా బయటపడిన మనిషి లేడు, కరెంటు మీటరు చూసేవాడితో సహా. రాణి కాసేపు వంటింటి వైపు చూసింది. ఏమీ అడగకుండా లింగమ్మ చేయి నొక్కి వెళ్లిపోయింది.

మెట్లు దిగుతూనే రాణి, చిల్కానగర్‌లో ఉన్న లింగమ్మ తోడికోడలు ప్రవీణకు ఫోన్ చేసింది. "డాక్టర్లు ఏం జెప్పిన్రో ఏమో గాని, ఆ ఇంట్ల పొయ్యి గూడ ముట్టలేదక్కా."

ఆ కబురును ప్రవీణ ఎవరికీ తక్కువ కాకుండా అందరికీ ఫోన్లు చేసి పంచింది. కాసేపటికి ఆమె, ఆమె భర్త భూపాల్, మల్కాజిగిరి చుట్టాలు, రామచంద్రయ్యతో ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు వచ్చి ముందుగదిలో సర్దుకున్నారు. అందరూ గొంతు తగ్గించే మాట్లాడారు. ఒకాయన గోడమీది ఫొటో చూస్తూ, "మస్తు మంచోడుండె" అన్నాడు.

"ఇంకా ఈడ్నే ఉన్ననే" అన్నాడు కుర్చీలోంచి రామచంద్రయ్య.

లింగమ్మ చీర మార్చుకుని వచ్చేసరికి అందరి చేతుల్లో గ్లాసులున్నాయి. రసం సీసా బల్లమీద ఖాళీగా ఉంది. రామచంద్రయ్య మాత్రం పరగడుపు గనక చుక్క కూడా ముట్టలేదు.

"గది నువ్వు తాగేది గదయ్యా" అంది లింగమ్మ.

"ఇంటికొచ్చినోళ్లను ఒట్టిగ ఎట్ల కూసోబెడ్తం? నువ్వు చాయ్ గూడ పెట్టకపోతివి."

దారిలో కొందామనుకున్నారు గాని, నాచారంలో ఆ వేళకు జ్యూస్ షాపులేవీ తెరవలేదు. వెనకే ఆటోల్లో వచ్చిన చుట్టాలు సంగతి తెలిసి, తాగిన పాపానికి తలా ఒక దిక్కు పోయి వెతికారు. ఒకరు మామిడి రసం డబ్బా తెచ్చారు. భూపాల్ బేకరీకి పోయి పైనాపిల్ కేకు తెచ్చాడు. స్కానింగ్ చేసే ధనశ్రీ ఆ కేకును కాసేపు చూసింది. అది పొట్టలోకి పోతే ఈరోజు స్కానింగే ఉండదని చెప్పి, రసం దొరుకుతుందేమో ఇంకాసేపు ఆగి, లేదంటే తర్వాతి పేషెంటును పిలుస్తానంది.

లింగమ్మ భర్త పచ్చటి కళ్లను చూసి తల తిప్పుకుంది. అప్పుడు, అందాకా చెప్పడానికి మొహమాటపడ్డ ప్రవీణ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. అందులో ఉన్నది నీళ్లు కాదు.

"మా ఇద్దరి గ్లాసులు ఇండ్ల పోసుకున్న అక్కా. బావ గట్లుంటే మాకు గొంతుల దిగుతదా?"

రామచంద్రయ్య ఆ రసం తాగి లోపలికి పోయాడు.

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. నాళం చివర రాయి ఉంది. నోట్లోంచి గొట్టం దింపి దాన్ని తీయాలి, ఆ పద్ధతిని ఈ.ఆర్.సి.పి. అంటారు. ఇంటికి రాగానే లింగమ్మ పొయ్యి ముట్టించి, పొద్దుటి బాకీ తీరేలా అందరికీ చాయ్ పోసింది. మొదటి గుక్కకే అందరి ముఖాలు విప్పారాయి. రాయి సంగతి ఆమె రెండుసార్లు ఎత్తింది గాని ఎవరూ వినిపించుకోలేదు. ప్రవీణ అప్పటికే ఫోనులో ఉంది. "ఏం ఫికర్ లేదు. అక్క చాయ్ పెట్టింది."

రాయి తీసిన రోజు, దవాఖానాలో మత్తు వదిలాక రామచంద్రయ్య గదంతా కలియజూశాడు. లింగమ్మ ఒక్కతే ఉంది.

"మనోళ్లు ఎవ్వరు రాలే?"

"పొద్దున రాణికి చాయ్ పోసిన" అంది లింగమ్మ.