ఫ్లోర్దెలిజా ముద్రావిజయము

వినుడు, వరుసలలో నిలిచి నిలిచి కాళ్లు వాచిన సజ్జనులారా! చండమార్తాండ కిరణసంతప్తమగు మనీలా మహానగరమున, జీప్నీ శకటముల హారన్ ఘోషములు దిక్కులను చెవిటివి చేయుచుండ, లోహవిహంగములు నింగికెగయ గర్జించుచుండ, బతంగాస్ సీమాదీపిక, కాఫీగింజల వర్తకురాలు పాసీత పుత్రిక, సకలపత్రధారిణి యగు ఫ్లోర్దెలిజా, తాటిచెట్టంత డచ్చి వడ్రంగి యోరిస్‌ను పెనిమిటిగా వెంటబెట్టుకొని, విమానాశ్రయ తనిఖీదుర్గమును ముట్టడింప వెడలెను.

సింగపూరులో నర్సుగా కొలువు చేయు చెల్లెలికి ఆదివారము వివాహము. వధూవరుల భుజములను కలిపి వేయు తెల్లని పట్టుత్రాడు, తల్లి పెండ్లినాటిది, ఫ్లోర్దెలిజా ఎర్రసంచిలో భద్రముగా నుండెను. అయినను ఆమె గుండెలో పాతగాయమొకటి సలుపుచుండెను. కన్నెగా నున్ననాడు ఒంటరిగా పయనమైనపుడు, ఆడబిడ్డలను మోసగాండ్ర నుండి కాపాడు నెపమున ఒక అధికారి ఆమెను వెనుకకు మరల్పగా, పెట్టెను కౌగిలించుకొని బస్సులో ఇల్లు చేరువరకు ఏడ్చెను. ఈసారియు మరలిపోయిన, చెల్లెలి భుజము బోసిపోవును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు గదా! కావున ఆ ముట్టడికి ముందే వారి భోజనపుబల్ల శిక్షణారంగమయ్యెను. పాసీత కండ్లజోడు ముక్కుచివరకు జార్చి అధికారి అవతారమెత్తెను.

"ఏవయ్యా, మా పిల్ల నీకెక్కడ దొరికింది?"

"చర్చి బెంచీలు బాగుచేస్తుంటే, అత్తయ్యా."

"అత్తయ్యెవరు? ఆఫీసర్ని! సరే గానీ, ఉప్పేదీ?"

చేతినిండ అన్నముండుటచే యోరిస్ మూతి ముందుకు సాచి అలమర చూపెను. ఆ సీమ యాచారమున ఆ యింటను వేలెత్తి చూపువారు లేరు. కుక్కనైనను, ఉప్పునైనను, వీధిన పోవు పాదిరీనైనను మూతితోనే చూపుదురు.

ఫ్లోర్దెలిజా భగ్గుమనెను. "చూడమ్మా ఈయన్ని! అక్కడ గనక ఇలా మూతి సాచావో, మన పరువు గంగలో కలుస్తుంది. నిటారుగా నిలబడి, నోరు తెరిచి చెప్పు."

"నేర్పింది మీరేగా!" అని యోరిస్ గొణిగెను.

అంతట సమరదినము వచ్చెను. గాజుగవాక్షము వెనుక, ముద్రాదండము చేపట్టి, నవ్వు నిషిద్ధమైన ముఖముతో అధికారి కూర్చుండెను. ఫ్లోర్దెలిజా వివాహపత్రమును, విదేశీయుని పెండ్లాడినవారికి సర్కారిచ్చు ఉపదేశపత్రమును, పెండ్లి ఛాయాచిత్రములను అస్త్రపరంపరగా ప్రయోగించెను. ఒక్కటియు నాటలేదు.

"ఎలా కలిశారు సార్?"

"మేము పరమ పవిత్రమైన చర్చిలో, బెంచీల మరమ్మతు సందర్భంగా కలుసుకున్నాము," అని యోరిస్ ఊపిరి తీయక అప్పజెప్పెను.

"బట్టీ పట్టారా?" అధికారి కనుబొమలు ముడివడెను. "కాగితాలు ఎవరైనా తెస్తారు. మీరిద్దరూ నిజంగా కాపురం చేస్తున్నారా?"

'ఓ ముద్రాధీశ్వరా! ఈతడు నా చేతి పులుసు తిని జ్వరపడియు మరల వడ్డింపుమన్న మహావీరుడు! ఇంతకు మించిన సాక్ష్యమేది?' అని ఆమె మనసు సింహనాదము చేసెను. నోట మాత్రము "అవును సర్" అనునంతే వచ్చెను.  పాత బస్సు కన్నుల ముందు నిలిచెను.

"చెల్లెలి పెళ్లికి త్రాడు తీసుకెళ్తున్నామన్నారు. మరి అదేదీ?"

ఒక చేత పాసుపోర్టులు, మరియొక చేత అత్తగారు కట్టిచ్చిన ఎండుచేపల డబ్బా మోయుచున్న యోరిస్, భయాతిరేకమున శిక్షణనంతయు మరచి, మూతి బారెడు సాచి, భార్య చంకలోని ఎర్రసంచిని చూపెను.

ఫ్లోర్దెలిజా కన్నులు మూసికొనెను.

"అత్తగారిచ్చిందేనా?"

యోరిస్ అవుననుటకు మారుగా, ఆ సీమవారివలె కనుబొమలు రెండును ఎగురవేసెను.

 ఆపై అధికారి నిషిద్ధవదనము చిట్లి నవ్వొకటి వెలికివచ్చెను. అతడును మూతి సాచి, పక్క బల్లవానికి యోరిస్‌ను చూపెను.

"చూశావా తమ్ముడూ! కనుబొమ్మలు కూడా ఎగరేశాడు! ఇది కాగితాలతో వచ్చే విద్య కాదు, అత్తారింటి అన్నం తింటే వచ్చేది. వెళ్లి రండి మేడమ్, చెల్లెలికి నా దీవెనలు!"

టప్! ముద్ర పడెను.

"నోరు తెరిచి చెప్పమన్నావుగా. ఇప్పుడెటు వెళ్లాలి?" అని యోరిస్ నిటారుగా నిలబడి, వినయముగా అడిగెను.

కన్నీరు తుడుచుకొనుచు, సకలపత్రధారిణి మూతి సాచి ద్వారము చూపెను. ఇట్లు రూపాయి బిళ్లంత సిరామరకను జయించి, తల్లి పెండ్లిత్రాడు ఆదివారమునాటి భుజములకై విమానమెక్కెను.