నాలుగో బీప్‌కి దరఖాస్తు ఫారం

విశ్వంలో మనం కాక ఇంకెవరైనా ఉన్నారా అన్న ప్రశ్న మానవజాతిని వేల ఏళ్లుగా వేధిస్తోంది. దీనికి జవాబు సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం పది నుంచి ఒంటిగంట మధ్య, మూడో అంతస్తులోని ఆరో కౌంటర్‌లో ఇవ్వబడును. (భోజన విరామంలో విశ్వంలో మనం ఒంటరివాళ్లమే.)

ఈ పవిత్ర కార్యం నిర్వహించే సంస్థ పేరు గ్రహాంతర జీవ నిర్ధారణ కార్యాలయం. లిఫ్టు రెండో అంతస్తు వరకే వెళ్తుంది. ఆ పైన అంతరిక్షం వైపు ప్రయాణం ఎవరి కాళ్ల మీద వాళ్లు చేయాలి. డాబా మీద ఒక పెద్ద యాంటెన్నా, దాని పక్కన ఒక రేకుల గది, ఆ గదిలో మా మావయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు. ఇరవై ఏడేళ్లుగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆకాశం ఏమైనా అంటుందేమోనని వినడమే ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని చెవిగారు అంటారు. ఇంట్లో అత్తయ్య మాత్రం ఆ పేరు ఒప్పుకోదు. ఈయనకి చెవులున్నట్టు ఆవిడ దగ్గర ఆధారాలేమీ లేవు.

నేను అదే ఆఫీసులో కాంట్రాక్టు మీద ఆన్‌లైన్ పోర్టల్ చూసుకుంటాను. దరఖాస్తు ఫారాలు, వాటి కింద వచ్చే ఎర్ర అక్షరాలు, 'కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి' అన్న సలహా, ఇవన్నీ నా చేతి పనులే. జనం నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్లు కూడా ఫారంలోనే రాయాలి, రెండొందల అక్షరాలకు మించకుండా.

ప్రతి సోమవారం ఉదయం మావయ్య యాంటెన్నాని పరీక్షించాలి. మాన్యువల్ ప్రకారం ఆకాశంలోకి మూడు బీప్‌లు పంపి, మిషన్ పనిచేస్తోందని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇరవై ఏడేళ్లలో ఒక్క సోమవారం కూడా తప్పలేదు. ఆ మూడు బీప్‌లూ ఎవరో వింటారని ఎవరూ అనుకోలేదు కాబట్టి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

మొన్నామధ్య ఒక సోమవారం పదింటికి పంపాడు. ఆఫీసు మూశాక, సాయంత్రం ఆరింటికి అవి తిరిగొచ్చాయని మర్నాడు పొద్దున రికార్డులో చూశాడు. మూడు కాదు, నాలుగు.

మావయ్య ముందు లిఫ్టుని అనుమానించాడు. తర్వాత నన్ను. ఆ తర్వాత గంట గంటకీ అవే నాలుగు బీప్‌లు వస్తుంటే ఇద్దరం కూర్చుని లెక్క తేల్చాం. ఏదో ఒకటి, మన సూర్యుడి పక్కనుంచే, తన దారిన తాను పోతోంది. మన మాట అక్కడికి చేరడానికి నాలుగు గంటలు, వాళ్లది ఇక్కడికి రావడానికి నాలుగు గంటలు. పన్నెండో రోజు, అంటే వచ్చే వారం శుక్రవారం, సాయంత్రం ఏడు దాటితే మా యాంటెన్నాకి అందదు. అది మావయ్య రిటైరయ్యే రోజు కూడా.

"గోడకి కొట్టిన బంతయితే కొట్టినంతే తిరిగొస్తుంది అమ్మలూ. ఎవరైనా ఉంటేనే ఒకటి ఎక్కువొస్తుంది" అన్నాడు మావయ్య. అంతకు మించి ఆయన కోరింది కూడా పెద్దదేం కాదు. తిరిగి ఐదు బీప్‌లు పంపాలి. విన్నాం అని చెప్పాలి. ఇరవై ఏడేళ్లు గుమ్మంలో కూర్చున్నవాడు, తలుపు తట్టిన చప్పుడు విని, పలకాలనుకోవడం అత్యాశ కాదు కదా.

మంగళవారం నిర్ధారణాధికారి మేడమ్ దగ్గరకి వెళ్లాం. ఆవిడ మర్యాదస్తురాలు. కూర్చోమని చెప్పి, నిబంధన పద్నాలుగు చదివి వినిపించింది. నిర్ధారణ కాని జీవంతో కార్యాలయ పరికరాల ద్వారా సంభాషించరాదు. మరి సోమవారం పరీక్షలో మూడుకి బదులు ఐదు పంపితే అని మావయ్య నసిగాడు. మేడమ్ జాలిగా చూసింది. మూడైతే పరీక్ష అట, నాలుగోది పంపామంటే సంభాషణ కిందికి వస్తుందట. ముందు జీవం నిర్ధారణ కావాలి, ఆ తర్వాతే పలకరింపు. నిర్ధారణ కావాలంటే సదరు జీవం దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ దరఖాస్తు ఫారం నేను చేసిందే కాబట్టి, నా పాపం నాకే చుట్టుకుంది.

శాశ్వత చిరునామా అన్న గడిలో 'ప్రయాణంలో ఉన్నారు' అని రాస్తే ఫారం ఒప్పుకోలేదు. గత మూడేళ్లుగా ఒకేచోట ఉన్నట్టు రుజువు కావాలంది. తండ్రి లేక సంరక్షకుడి పేరు తప్పనిసరి. దరఖాస్తుదారు స్వయంగా రాలేకపోతే ప్రతినిధిగా వచ్చినవారు తమ సంబంధం తెలపాలి. అక్కడున్నవి భర్త, భార్య, కొడుకు, కూతురు, ఇతరులు. మావయ్య 'ఇతరులు' నొక్కాడు. ఏ ఇతరులు అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, 'పొరుగువారు' అని కొట్టించాడు. ఫారం మారు మాట్లాడకుండా తీసుకుంది. ఆ రోజంతా మావయ్య మొహం వెలిగిపోయింది.

ఫొటో దగ్గర బండి ఆగింది. దరఖాస్తుదారు ఉన్న దిక్కున ఆకాశాన్ని ఫొటో తీసి పెట్టాం. 'వెనక భాగం తెల్లగా ఉండాలి' అని తిప్పికొట్టింది. విశ్వం వెనక భాగం నల్లగా ఉంటుందని, ఇందులో దరఖాస్తుదారు తప్పేమీ లేదని వినతిపత్రం పెట్టుకుంటే, మేడమ్ రెండు రోజులు పరిశీలించి విశ్వానికి ఈ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. ప్రాణంతో ఉన్నట్టు రుజువుకి కెమెరా ముందు కళ్లు ఆర్పాలి. కళ్లు లేనివాళ్లు కంటి డాక్టరు సర్టిఫికెట్ జతపరచాలి. డాక్టరు మనిషిని చూడకుండానే రాసిచ్చాడు. (దీనికి దరఖాస్తుదారు వేరే గ్రహంవాడు కావడం కారణం కాదు.)

శని, ఆదివారాల్లో కూడా నాలుగు బీప్‌లు గంట తప్పకుండా వస్తూనే ఉన్నాయి. జీవం ఉందనడానికి ఆధారంగా ఈ సంగతి ఫైల్లో పెట్టాం. సెలవు రోజుల్లో పనిచేసేది యంత్రమే అయ్యుంటుందని దాని పక్కన నోట్ పడింది.

ఇక మిగిలింది మొబైల్ నంబరు. తప్పనిసరి గడి, పది అంకెలు. ఎవరిది ఇవ్వాలి? నాదిస్తే ఒకే నంబరు మీద రెండు జీవాలు కుదరవు. మావయ్యది అత్తయ్య దగ్గర ఉంటుంది. చూస్తే ఆ బీప్‌లు వచ్చే ఫ్రీక్వెన్సీ సరిగ్గా పది అంకెలు. దేవుడిచ్చాడనుకుని అదే కొట్టేశాను. తొమ్మిదో రోజు మంగళవారం ఉదయం పదకొండింటికి దరఖాస్తు పోయింది. తెర మీద పచ్చని టిక్కు వచ్చింది. మావయ్య ఆ టిక్కుని నా ఫోన్‌లో ఫొటో తీయించుకున్నాడు.

ఇక్కడ నా గురించి ఒక చిన్న విషయం ఒప్పుకోవాలి. ఏడాది కిందట పోర్టల్‌ని పరీక్షించేటప్పుడు, మెసేజ్‌లు నిజంగా బయటికెళ్తున్నాయో లేదో చూడటానికి, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ట్రాన్స్‌మిటర్‌కి దాన్ని తగిలించాను. అది డాబా మీద ఉన్నదే. మొబైల్ కంపెనీ నంబరు కానిదేదైనా గడిలో పడితే అటు పంపమని రాశాను. పని అయ్యాక తీసేద్దామనుకున్నాను. మా వృత్తిలో 'తర్వాత తీసేద్దాం' అన్నవన్నీ మనవళ్లని చూస్తాయి.

అలా, ఎవరి అనుమతీ లేకుండా, ఎవరి సంతకమూ లేకుండా, ఈ భూమ్మీది జనమంతా పొరుగువారితో మాట్లాడిన తొలి మాట ఇలా బయల్దేరింది: 'మీ దరఖాస్తు అందినది. మీ సహనానికి ధన్యవాదములు. ఇది యంత్రం ద్వారా పంపబడిన సందేశం. దయచేసి దీనికి జవాబు ఇవ్వకండి.'

బుధవారం ఉదయం మావయ్య రికార్డు చూశాడు. మంగళవారం సాయంత్రం ఏడింటికి బీప్‌లు ఆగిపోయాయి. అంటే పంపిన ఎనిమిది గంటలకి, నిమిషం అటూ ఇటూ కాకుండా.

జరిగింది చెప్పేశాను. మావయ్య ఏమంటాడో అని చూస్తున్నాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, ఆ మెసేజ్ ఎవరు రాశారని మాత్రం అడిగాడు. నేనే అన్నాను. "బాగా రాశావే. మర్యాదగా ఉంది" అన్నాడు. తిట్టినా బావుండేది.

గురువారం కమిటీ కూర్చుంది. మేడమ్ ఫైలు తెరిచి, దరఖాస్తుదారు మౌనం వహించినందున జీవం లేదని నమోదు చేసి ముగిస్తున్నాం, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అంది. ఈ ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మావయ్య లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నేను ఈ ఆఫీసులో ఇరవై ఏడేళ్లుగా ఉన్నాను. మెట్ల మీద ఉమ్మవద్దు అని రాసి పెట్టాం. ఎక్కడ ఉమ్ముతున్నారు?"

మేడమ్ ఒప్పుకుంది. మెట్ల మీదే.

"వరసలో రండి అని రాశాం. ఫారం నింపే ముందు సూచనలు చదవండి అని రాశాం. ఒక్కళ్లు చదివారా? వీళ్లని జవాబు ఇవ్వొద్దన్నాం. ఇవ్వడం మానేశారు."

మేడమ్ కళ్లజోడు తీసింది.

"అంటే సూచన చదివారంటారా?"

"చదివారండి."

"చివరిదాకా?"

"అది చివరి లైన్లోనే ఉందండి."

ముప్ఫై ఏళ్ల సర్వీసులో మేడమ్ ఇలాంటి దరఖాస్తుదారుని చూసి ఉండదు. "అయితే వాళ్లు ఇక్కడివాళ్లయితే కాదు" అని, జీవం ఉన్నట్టు నిర్ధారిస్తూ సంతకం పెట్టింది. ఇంత పెద్ద ప్రశ్న తేలిన ఆ నిమిషానికి టీ వచ్చింది. అందరూ తాగారు.

ఆర్డర్ కాపీ శుక్రవారం ఉదయం పదింటికి చేతికొచ్చింది. ఐదు బీప్‌లకి అనుమతి ఉంది. వాటితో పాటు 'జవాబు ఇవ్వండి' అని ఒక్క ముక్క పంపనివ్వమని నేను మేడమ్‌ని బతిమాలాను. పోర్టల్లో అలాంటి సందేశం లేదట. నిజమే, నేను పెట్టలేదు. కొత్త సందేశం చేర్చాలంటే ముప్ఫై పనిదినాలు పడతాయి. ఇన్నాళ్లూ ఎవరినీ జవాబు అడగాల్సిన అవసరం ఈ ఆఫీసుకి రాలేదు.

పది ఇరవైకి మావయ్య చొక్కా సర్దుకుని ఐదు బీప్‌లు పంపాడు. ఒకటొకటిగా, చిన్నపిల్లకి అంకెలు నేర్పినట్టు. జవాబంటూ వస్తే సాయంత్రం ఆరు ఇరవైకి రావాలి. ఆఫీసు ఐదున్నరకి మూసేస్తారు. వాచ్‌మన్ చెవిగారి ఆఖరి రోజని తాళాలు ఇచ్చేసి కింద కూర్చున్నాడు.

ఐదింటికి అత్తయ్య వచ్చింది. లిఫ్టు ఆగిన చోటు నుంచి డాబా దాకా మెట్లెక్కి, ఆయాసపడుతూ, రేకుల గదిని మొదటిసారి చూసింది. ఇదేనా అంది. ఇదే అన్నాడు. నేను చేసిన ఘనకార్యం తనకి ముందే తెలుసు కాబట్టి నా వైపు ఒక చూపు విసిరింది. మావయ్య హెడ్‌ఫోన్ల ఒక చెవి ఆవిడకిచ్చి, ఒకటి తాను పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద, తలలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. పెళ్లి ఫొటోలో కూడా అంత దగ్గరగా లేరు.

ఆరు ఇరవై అయింది. ఆరున్నర. ఆరూ ముప్పావు.

"వాళ్లకి అందలేదేమోనండీ" అంది అత్తయ్య మెల్లిగా.

"అంది ఉంటుంది."

"మరి?"

"ఒద్దన్నాం కదే. మాట మీద నిలబడేవాళ్లు."

అత్తయ్య హెడ్‌ఫోన్ని చెవికి ఇంకాస్త నొక్కుకుంది. "చెప్పిన మాట వినేవాళ్లు విశ్వంలో ఉన్నారని ఇన్నాళ్లకి తెలిసింది" అంది. "మా ఇంట్లో ఒక్కళ్లు కూడా లేరు." మావయ్య నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడు దాటాక కూడా ఇంకో పావుగంట కూర్చున్నారు. ఆ తర్వాత మావయ్య మిషన్ ఆపి, పుస్తకంలో 'పనిచేయుచున్నది' అని రాసి సంతకం పెట్టాడు.

సోమవారం నేను ఫైలు మూశాను. ఫైలు మూయగానే సేవ ఎలా ఉందని అడిగే ఫారం దరఖాస్తుదారుకి పోతుంది. ఉద్యోగి రిటైరైనా అలాంటిదే ఒకటి పోతుంది. ఇద్దరికీ వారం గడువిచ్చాం. ఇద్దరి నుంచీ జవాబు రాలేదు. నిబంధన ప్రకారం ఇద్దరూ పూర్తిగా సంతృప్తి చెందినట్టు నమోదైంది.