కారణానికి వైద్యం

మనసు జబ్బుకు గోళీలిచ్చి చేతులు దులుపుకునే కాలం పోయిందనీ, ఇకనుంచి జబ్బు కారణాన్నే పట్టుకుని వైద్యం చేస్తామనీ మానసిక స్వస్థత కమిటీ చైర్మన్ జయరాజ్ గారు చర్ల అవతలి గూడెంలో మైకు ముందు ప్రకటించారు. మైకుకు కరెంటు లేదు. అయినా ఆయన వెనుకాడలేదు. ఇదివరకు తునికాకు కమిటీనీ, చేపల కమిటీనీ నడిపిన అనుభవం ఆయనది. ఆ రెండూ ఇప్పుడు లేవు.

కొండమ్మ చూపంతా మందుల అట్టపెట్టె మీదే ఉంది. పక్కన కూర్చున్న ఆమె కొడుకు దస్రుకు స్కిజోఫ్రీనియా. గోళీలు వేసుకున్నన్నాళ్లు మిర్చి కోతకు వెళ్లాడు, ఇంత తిన్నాడు, నిద్రపోయాడు. అవి అయిపోయి ఇరవై రోజులు. జావలో విషం కలిపారని చెవిలో ఎవరో చెబుతున్నారట. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు.

"గోళీలిస్తే పోతం సారూ," అంది.

"కారణం తేలకుండ ఎట్లిస్తమమ్మా? ఫారంల గడి ఉన్నది," అన్నారు చైర్మన్ గారు.

మూడు రోజులు ట్రైనింగ్ తీసుకుని వచ్చిన కమిటీ కార్యకర్త కళ్యాణి ఫారం తెరిచింది. కారణం కింద గడులు రెండే: కుటుంబం, సమాజం.

"ఎప్పటి సంది గిట్లున్నడు?"

"అడవిల పోడు కొట్టుకున్న భూమి ఫారెస్టోళ్లు గుంజుకున్నంక. ఆ ఏడే, అడవిల ఎందుకు తిరుగుతున్నవని పోలీసోళ్లు పట్టుకపోయి రెండుసార్లు అడిగిన్రు. వచ్చినంక ఎవలో పిలుస్తున్నరన్నడు."

కళ్యాణి పెన్ను సమాజం గడి మీదికి వెళ్లింది. చైర్మన్ గారు దగ్గారు.

"సమాజం అని రాస్తే ఫైలు హైదరాబాద్ పోతది తల్లీ. ఆడ సమాజాన్ని పిలిచి విచారించాలె. కుటుంబం అంటే ఇయ్యాల్నే అయిపోతది."

కొండమ్మకు 'ఇయ్యాల్నే' అన్నది ఒక్కటే వినిపించింది. "అయితే కుటుంబమే రాయుండ్రి."

"ఊకెనే రాస్తమా? ఇంట్ల ఎవలెవలుంటరు? పెనిమిటి?"

"సచ్చిపోయి ఆరేండ్లు."

"మంచిది. అంటే, ఆయన కారణం గాదన్నట్టు. ఇగ నువ్వే మిగిలినవ్. కొడుకును తిడతవా?"

"అవ్. లే, తానం చెయ్యి, తిను అని తిడత."

"రోజుకెన్నిసార్లు?"

"తినేదాంక."

చైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. పెద్ద పెద్ద పరిశోధకులకు ఏళ్లకేళ్లు పట్టే పనిని ఆయన చాయ్ చల్లారకముందే ముగించారు. "రాయి కళ్యాణీ. కారణం: తల్లి మాటలు."

పక్కింటి పగిడయ్య లేచాడు. "మా అమ్మ గూడ తిట్టింది సార్, ఇంకా గట్టిగ. మరి నాకెందుకు రాలె?"

"నువ్వు అప్లికేషన్ పెట్టుకున్నవా?"

పగిడయ్య కూర్చున్నాడు.

కొండమ్మ వేలిముద్ర వేసింది. కళ్యాణి ఒక గోళీ ఆమె చేతిలో పెట్టింది. కొండమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఆగు, ఆనికెందుకు?" అన్నారు చైర్మన్ గారు. "వైద్యం కారణానికి. నువ్వు మింగు."

"నాకేం రోగం సారూ?"

"రోగం ఆనిదే. కారణం నువ్వు."

మిగతా గోళీలు అంగన్‌వాడీ టీచరు బీరువాలో ఉంటాయనీ, కారణం రోజూ వచ్చి ఆమె ఎదుటే ఒకటి మింగిపోవాలనీ వివరించి, నీళ్ల గ్లాసు స్వయంగా అందించారు. ఫోటో తీశారు.

కొండమ్మ గోళీని నోట్లో వేసుకుని, నాలుక కిందికి తోసి, నీళ్లు మాత్రం మింగింది.

"ఎట్లున్నదమ్మా?"

ఆమె నోరు తెరవకుండా తల నిలువుగా ఊపింది.

"కొడుకును తిట్టబుద్ధయితున్నదా?"

తల అడ్డంగా ఊపింది.

"చూసిన్రా? కారణం బంద్ అయింది." చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. గూడెం చప్పట్లు కొట్టింది. కొండమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటి వైపు అడుగు వేసింది.

"యాడికమ్మా? ఇయ్యాల నువ్వే మాకు ముఖ్య అతిథివి. కూసో."

ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. చైర్మన్ గారు గొంతు సవరించుకుని, పథకం పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టారు. కొండమ్మ పెదవులు బిగించుకుని కూర్చుంది. నాలుక కింద గోళీ మెల్లగా కరగసాగింది.