ఆరు గంటల రాజీనామా

ఆ శనివారానికి దయానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం పది గంటలకు కావడి గుర్తు పార్టీకి రాజీనామా చెయ్యాలి. ఇంటికొచ్చి వంజరం చేప పులుసుతో అన్నం తిని కాసేపు నడుం వాల్చాలి. సాయంత్రం నాలుగు గంటలకు మళ్ళీ అదే పార్టీలో చేరాలి.

మతి తప్పి వేసుకున్న పథకం కాదది. పోర్టులో క్రేను ఆపరేటరుగా చేసి రిటైరైన దయానందం మల్కాపురంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కావడి మనిషి. పాత పద్ధతులు పోకూడదనే పార్టీ అది. ‘పెద్దల మాట, పాత బాట’ అని మేనిఫెస్టో మొదటి పేజీలోనే ఉంటుంది. సారా కొట్లు మూయిస్తామన్నారు, మూయించలేదు. పెద్దలను గౌరవిస్తామన్నారు, మీటింగుల్లో ఆ పెద్దల చేతే కుర్చీలు వేయించారు. దయానందం ఇంట్లో కూర్చుని తన పార్టీని తిట్టినన్ని తిట్లు ఎదుటి పార్టీవాళ్ళు కూడా తిట్టి ఉండరు. బయటివాడు ఎవడైనా ఒక్క మాటంటే మాత్రం వాడితో ఆరునెలలు మాట్లాడడు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఎదురింటి చలమయ్య కండువా.

చలమయ్యకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. పదేళ్ళలో మూడు పార్టీలు మారాడు. మారిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్ద నాయకుడు మెడలో కండువా కప్పి, భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. కిందటి నెల కావడి పార్టీలోకి వచ్చినప్పుడు సాక్షాత్తూ రాష్ట్ర అధ్యక్షుడే కప్పాడు. ఆ ఫొటో జంక్షన్‌లో పెద్ద ఫ్లెక్సీ అయింది. పాలకు వెళ్ళినా, చర్చికి వెళ్ళినా దయానందం దాని కిందనుంచే నడవాలి. ఆ నవ్వు చూడలేక వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి కానీ కడుపుమంట తగ్గలేదు.

దయానందానికి ఇన్నేళ్ళలో ఎవరూ కండువా కప్పలేదు. కండువా కప్పేది చేరేవాళ్ళకు. ఎన్నడూ వెళ్ళనివాడు చేరేదెప్పుడు? ఆ ఫొటో వస్తే పెట్టుకుందామని పెళ్ళి ఫొటో పక్కన ఎప్పుడో ఒక మేకు కొట్టాడు. భార్య రత్నమణి దానికి గొడుగు తగిలిస్తోంది.

మైఖేల్ సంగతి కూడా ఉంది. పోస్టర్లు అంటించే రోజుల్లో జిగురు బకెట్టుకు ఒక పక్క దయానందం చెయ్యి, ఇంకో పక్క మైఖేల్ చెయ్యి ఉండేవి. కిందటేడు మైఖేల్ పోతే పార్టీ నుంచి ఎవరూ రాలేదు. దయానందమే ఒక కండువా పట్టుకెళ్ళి, పెట్టె మూసేముందు స్నేహితుడి మెడ చుట్టూ కప్పాడు. తనకు కూడా పెట్టెలోనే కప్పుతారేమోనన్న భయం ఆయనకు ఆ రోజే పట్టుకుంది.

"ఏటండి, పొద్దున్నే రాత్తన్నారు?" అని అడిగింది రత్నమణి, చేపముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తూ.

"రాజీనామా."

"మానీసి ఏటి సేత్తారు?"

"సాయంత్రం మళ్ళీ సేరిపోతాను. అధ్యక్షుడుగారు వత్తన్నారు కదా, కండువా కప్పుతారు."

"సొంతింట్లోంచి బయటికెల్లి తలుపు కొట్టే మడిసిని ఇప్పుడే సూత్తన్నాను" అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పార్టీ ఆఫీసులో ఏం జరుగుతుందో దయానందం ముందే ఊహించుకున్నాడు. వార్డు కన్వీనర్ దేవీప్రసాద్ ఉత్తరం చదివి ఉలిక్కిపడతాడు. చేతులు పట్టుకుంటాడు. తాను కొంచెంసేపు బిగుసుకుని, ఆపైన మెత్తబడతాడు. కానీ దేవీప్రసాద్ సాయంత్రం జరిగే చేరికల సభకు షామియానా వాళ్ళతో ఫోనులో గొడవపడుతున్నాడు. కాగితం వంక చూడకుండానే, "సేరికలదేనా బాబాయ్? అక్కడెట్టీ" అన్నాడు. తరువాత బల్ల మీదున్న కాగితాలన్నిటికీ వరసగా ఫొటోలు తీసి, ‘నేటి చేరికలు’ అని పేరు పెట్టి, నాలుగు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేశాడు. గుమస్తా ఒక్కడే ఉత్తరాన్ని పూర్తిగా చదివాడు. పద్ధతి తెలిసినవాడు కాబట్టి సభ్యుల పుస్తకం తీసి దయానందం పేరు మీద ఎర్రగీత కొట్టాడు.

దయానందం మెట్లు దిగి రెండుసార్లు వెనక్కి చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురం వదిలి వస్తుంటే గుమ్మం దాకా ఒక్కరూ రాలేదు.

దేవీప్రసాద్ చదవనిది గ్రూపులో అందరూ చదివారు. ఎదుటివాళ్ళ గ్రూపుల్లోకి కూడా ఆ కాగితం పాకింది. పన్నెండు కాకముందే తెరచాప పార్టీ నాయకుడు నాగబాబు పదిమందిని వెంటబెట్టుకుని దయానందం ఇంటికి వచ్చాడు. చర్చివాళ్ళనుకుని రత్నమణి వందనాలు చెప్పి లోపలికి పిలిచింది. దయానందం లుంగీతోనే కూర్చుని పులుసన్నం తింటున్నాడు. నోట్లో ముల్లు ఉంది. దాన్ని జాగ్రత్తగా తీసుకునేలోపే మెడ మీద నీలం కండువా పడింది, భుజం మీద నాగబాబు చెయ్యి పడింది. వద్దని చెప్పడానికి దయానందం నోరు తెరిచాడు. ఫొటోలో అది నవ్వులా వచ్చింది.

వాళ్ళు వెళ్ళిన ఐదు నిమిషాలకు చలమయ్య వచ్చాడు. ఫోనులో ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంటికొచ్చి కప్పారేటి బావా?" అన్నాడు. "నాను మూడు పార్టీలు మారినాను. మూడుసార్లూ నానే ఎల్లి గేటు కాడ నించున్నాను."

ఆ గొంతులో ఉన్నదేమిటో దయానందానికి బాగా తెలుసు. నెల రోజులుగా తన గొంతులో ఉన్నది అదే. ఒక అర నిమిషం పాటు ఆయన చేయి కడుక్కోవడం కూడా మరిచిపోయి ఆ సుఖం అనుభవించాడు.

ఈలోగా వార్డులోని పాత కార్యకర్తలు ఇరవై ఇద్దరు ఒక్కటయ్యారు. దయానందమే వెళ్ళిపోయాడంటే ఆ పార్టీలో ఇక పాతవాళ్ళకు చోటేదని, తలా ఒక రాజీనామా రాసుకుని ఆఫీసు మీదికి వెళ్ళారు. దేవీప్రసాద్‌కి అప్పటికి బుద్ధి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక్కరి కాగితం కూడా ముట్టుకోలేదు. అందరినీ లోపల కూర్చోబెట్టి బిరియానీ తెప్పించి, అధ్యక్షుడికి ఫోను చేశాడు.

నాలుగు గంటలకు దయానందం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని కల్యాణ మండపంలో చేరేవాళ్ళ వరసలో, మొదటి కుర్చీలో కూర్చున్నాడు. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. పార్టీని మోసినవాళ్ళను పార్టీ మరిచిపోయిందన్నాడు, ఆ మధ్యాహ్నమే తన కళ్ళు తెరుచుకున్నాయన్నాడు. ఆ రోజు కొత్త చేరికలు లేవన్నాడు. ఒక్క రోజు కూడా పార్టీని విడవని పెద్దలకు మాత్రమే తన చేతులతో కండువా కప్పుతానన్నాడు.

మండపం చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది దయానందం. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. గుమస్తా సభ్యుల పుస్తకం చూసి పేర్లు చదవసాగాడు. ఇరవై ఇద్దరూ ఒక్కొక్కరే వేదిక ఎక్కారు. ప్రతి పేరుకూ దయానందం కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆఖరి పేరు చదివి గుమస్తా పుస్తకం మూసేశాడు.

వేదిక దిగుతున్న అధ్యక్షుడు ముందు వరసలో సగం లేచి ఉన్న పెద్దమనిషిని చూసి ఆగాడు.

"తమరు ఏ పార్టీ నుంచి వచ్చారండీ?"

"ఈ పార్టీ నుంచేనండి" అన్నాడు దయానందం.

అధ్యక్షుడు దేవీప్రసాద్ వంక చూశాడు. దేవీప్రసాద్ తల దించుకుని ఫోను చూపించాడు. అందులో నీలం కండువా వేసుకుని దయానందం నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తొందరేమీ లేదని, ఒక ఏడాది ఆలోచించుకుని రమ్మని మర్యాదగా చెప్పి అధ్యక్షుడు కారెక్కాడు.

జనం వెళ్ళిపోయారు. కండువాలు పడ్డ ఇరవై ఇద్దరూ ఫొటోలు దిగుతూ ఉండిపోయారు. కుర్చీలు తీసేవాళ్ళు కనిపించకపోతే, అలవాటు కొద్దీ దయానందమే వాటిని మడిచి గోడకు చేర్చాడు.

ఇంటికొచ్చేసరికి రత్నమణి నీలం కండువాతో పులుసు గిన్నె పట్టుకుని దించుతోంది. ఆయన ముఖం ఒకసారి చూసింది. కంచం పెడుతూ, "కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు సేరితే సాలు. తినండి" అంది. గొడుగు మాత్రం మేకు మీదినుంచి తియ్యలేదు.

మూడు నెలలకు ఎన్నికలొచ్చాయి. ఈ పార్టీ బాగుపడదని ముందురోజు రాత్రిదాకా తిట్టిన దయానందం, ఉదయం ఆరున్నరకే వెళ్ళి వరసలో మొదట నిలబడి కావడికే ఓటు వేశాడు. అక్కడ ఫొటోలు తియ్యనివ్వరు.