సముద్రానికి బంగారు పట్టీ

సముద్రపు ఊరికి వెళ్ళి సముద్రం చూడాలనుకోవడమంత మోటు పని ఇంకొకటి లేదు!

కోప్పడకండి. నేనూ మొన్నటిదాకా మీలాంటి అమాయకుణ్ణే. సముద్రమంటే ఒడ్డుకెళ్ళి, చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి, కెరటం రాగానే కేక పెట్టి వెనక్కి పరుగెత్తడమే అనుకునేవాణ్ణి. అక్కడ ఆర్ట్ ఫెయిర్, అంటే కళల సంత, జరిగే వారంలో వెళ్ళాకే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. సముద్రం వల్ల మనకి ఒరిగేదేమిటి చెప్పండి? బట్టలు తడుస్తాయి. ఇసుక చెవుల్లోకి పోతుంది. ఇంటికొచ్చాక దులిపిన దుప్పటే మళ్ళీ మళ్ళీ దులుపుకోవాలి. ఈ కష్టాలేవీ మనకి రాకూడదనే కదా, దేశదేశాల కళాకారులూ వాళ్ళ వెనకున్న పెద్దమనుషులూ ఒడ్డు పొడుగునా తెల్లటి డేరాలు వేసి సముద్రాన్ని మన కంటపడకుండా దాచేశారు! కన్నవాళ్ళు కూడా ఇంత జాగ్రత్త తీసుకోరు.

నాతో మా మేనత్త వచ్చింది. నిజానికి నేనే ఆవిడతో వెళ్ళాను. అత్తయ్య జీవితమంతా కుట్టుమిషన్ తొక్కింది. ఆవిడ కుట్టిన చొక్కా వేసుకోని మగాడు మా కుటుంబంలో లేడు. సముద్రం చూడాలని ఆవిడకి చిన్నప్పటి కోరిక. బయల్దేరినప్పుడల్లా ఎవరివో పెళ్ళిబట్టలు అడ్డంపడేవి. ఇప్పుడేమో మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి.

"ఇవి పూర్తిగా కూలబడకముందే ఒక్కసారి ఈ కాళ్ళు సముద్రంలో తడిపించరా. ఇంకేం అడగను నిన్ను" అంది.

ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగితే ఎలా కాదంటాం? బయల్దేరాం. ఆ వారంలోనే బయల్దేరడం మాత్రం పూర్తిగా నా తెలివి.

హోటల్ గుమస్తా గది అద్దె చెప్పేముందు నాకు కుర్చీ చూపించాడు. పాపం, అనుభవజ్ఞుడు. నేను కూర్చున్నాకే చెప్పాడు. "సీ వ్యూ గది సార్" అని ఓదార్చాడు కూడా. కిటికీ తెరిస్తే ఎదురుగా డేరా గోడ, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి సముద్రం బొమ్మ! మాట తప్పాడని అనగలమా?

అత్తయ్య కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. "ఏరా, ఇది కదలదేంట్రా?" అంది.

ఒడ్డుకి వెళ్ళే దారులన్నీ ఫెయిర్‌లోంచే. గదితోపాటు ఇచ్చిన బూడిదరంగు పట్టీలు మణికట్టుకి చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. అత్తయ్య సంచిలోని కత్తెరని స్కానర్ దగ్గర లాక్కున్నారు. ఆవిడ కత్తెర ఇంకొకరి చేతికి వెళ్ళడం నేను చూడలేదు, మా బాబాయిలు కూడా చూడలేదు. సముద్రం కోసమని ఓర్చుకుంది.

లోపల ఎటు చూసినా సముద్రమేనండీ! ఒక చీకటి గదిలో స్పీకర్లలోంచి అలల చప్పుడు. అది వినడానికి బారెడు క్యూ. నిజం అలలు గోడ అవతలే ఘోషిస్తున్నాయి కానీ, అవి వినిపిస్తే కళ దెబ్బతింటుందని ఏసీలు గట్టిగా పెట్టారు. ఇంకో గదిలో గాజుపెట్టెలో గుప్పెడు ఇసుక, ముట్టుకోరాదని బోర్డు, దానికో కాపలాదారు. పక్కనే ప్లాస్టిక్ బకెట్లో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళ అర్థం వివరించే కాగితం చదివేలోపు బకెట్ ఎండిపోతుందేమోనని భయమేసింది. తల తిప్పి చూస్తే అత్తయ్య అప్పటికే ఒక చెప్పు విప్పేసింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"మరి అసలుది ఎక్కడ నాయనా?" అని కాపలాదారుని అడిగింది.

"ఆ తలుపు అవతలేనమ్మా. కానీ అటు బంగారు పట్టీ ఉన్నవాళ్ళనే పంపిస్తాం."

"బంగారు పట్టీ ఉంటే కాళ్ళు ఎక్కువ తడుస్తాయా?"

అతను నవ్వలేదు. నవ్వడానికి ఏ రంగు పట్టీ కావాలో మరి. అత్తయ్య విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వాసన వస్తున్న సముద్రాన్ని బకెట్లో చూపిస్తున్నాను ఆవిడకి.

అయినా నేను కళని వదులుకోదల్చుకోలేదు. కళని చూడటం చాలా తేలిక, మీకూ నేర్పుతాను. తల ఓ పక్కకి వాల్చాలి. గడ్డం పట్టుకోవాలి. "ఊఁ..." అని సగంలో ఆపాలి. నల్లబట్టల పెద్దమనిషి ఒకాయన నా "ఊఁ" విని దగ్గరికొచ్చి, ఈ గదిలో మీకేం కనిపిస్తోందని అడిగాడు. "ఒక లేమి" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నేనన్నది ఆ గదిలో లేని కుర్చీల గురించి.

ఆయన చేతులు వదిలించుకుని చూస్తే అత్తయ్య లేదు!

పక్క హాల్లో దొరికింది. అక్కడ పైకప్పు నుంచి నేలదాకా ఓ పెద్ద గుడ్డ వేలాడుతోంది. అంచు కుట్టలేదు. దారాలు ఒక్కొక్కటే జారి కిందపడుతున్నాయి. దారం వేలాడుతుంటే చూస్తూ ఊరుకోవడం అత్తయ్య వల్ల అయ్యే పని కాదు. పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వెళ్ళి పెళ్ళికొడుకు మెడ దగ్గర దారం కొరికిన మనిషి ఆవిడ! కాపలాదారు స్టూలు లాక్కుని కూర్చుంది. సంచి లైనింగ్‌లో గుచ్చుకున్న సూది స్కానర్‌కి దొరకలేదట. రాలిన దారాలనే ఏరి సూదికెక్కించి, అంచు మడిచి, చక్కగా కుడుతోంది. కత్తెర లేదు కనక దారం పళ్ళతో తెంపుతోంది.

చుట్టూ జనం! అది కూడా కళలో భాగమనుకుని ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. ఆవిడ దారం కొరికినప్పుడల్లా "ఊఁ..." అంటున్నారు. కాపలాదారు కూడా తన స్టూలు పోయిందన్న సంగతి మరిచి భక్తిగా నిలబడ్డాడు. మొత్తం ఫెయిర్‌లో అంత మంది గుమికూడిన చోటు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

అంతలో ఆ గుడ్డ తాలూకు కళాకారిణి వచ్చి గుండెలు బాదుకుంది. "అయ్యో! ఇది విడిపోవడానికి పెట్టిందండీ! అదే దీని అర్థం!"

"విడిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటారమ్మా? ఎవరో మధ్యలో వదిలేసి వెళ్ళారనుకున్నాను" అంది అత్తయ్య నిజంగానే నొచ్చుకుంటూ. "ఉండు, విప్పేస్తాను. విప్పడమెంతసేపు!"

కానీ ఆ అవకాశం ఇవ్వలేదు. మమ్మల్ని బయటికి పంపెయ్యమని ఆర్డర్ వచ్చింది. ముందు గేటు దగ్గర ఎవరో గొప్పవాళ్ళు కార్లు దిగుతున్నారట, కెమెరాలున్నాయట. మాలాంటివాళ్ళని అటు గెంటితే బాగుండదు కదా! అందుకని వెనక తలుపు తీశారు.

"ఇటు వెళ్ళిపోండమ్మా. మళ్ళీ లోపలికి రానివ్వం" అన్నాడు కాపలాదారు.

ఎదురుగా సముద్రం.

కదులుతోంది! ఎంత దూరం చూస్తే అంత దూరం ఉంది. అన్ని వేల మంది కళాప్రియులున్న ఊళ్ళో ఒడ్డు మీద ఒక్క నరపురుగు లేదు. అత్తయ్య చెప్పులు నా చేతిలో పెట్టి మోకాళ్ళ సంగతే మర్చిపోయి నీళ్ళలోకి నడిచింది. ఇన్నేళ్ళు మిషన్ తొక్కిన ఆ కాళ్ళ మీదికి కెరటం వచ్చింది. ఆవిడ చిన్నపిల్లలా కేక పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఒడ్డుదాకా వచ్చి తెల్లగా చీలికలై వెనక్కి పోతున్న నీటి అంచుని ఆవిడ కాసేపు పరీక్షగా చూసింది.

"దీన్ని మాత్రం ఇలాగే వదిలేద్దాంరా" అంది.

కాబట్టి పాఠకులారా, ఎవరూ గీయని, ఎవరూ కుట్టని, ఎవరి సొత్తూ కాని సముద్రాన్ని చూడాలంటే మార్గం ఒక్కటే. మర్యాదగా లోపలికి వెళ్ళి, అమర్యాదగా గెంటించుకోవడం! వచ్చే ఏడాది నుంచి కత్తెరలతో పాటు సూదులూ నిషేధమని ప్రకటించారట. పళ్ళ సంగతి ఇంకా వాళ్ళకి తట్టినట్టు లేదు. తట్టేలోపు వెళ్ళొచ్చేయండి.